ఆగిన లౌడ్‌స్పీకరు

రంగత్ ఊళ్లో చర్చికి ఎదురుగా జోగులు వీడియో హాలుంది. "అది సైతాను ఇల్లు, జోగులు సైతాను బంటు" అని పాస్టర్ ఏలీయా ప్రతి ఆదివారం మైకులో తిట్టేవాడు. సంఘం చేత ఉపవాస ప్రార్థనలు చేయించాక, ఆరాధన వేళకు హాలు లౌడ్‌స్పీకరు ఆగిపోవడం మొదలైంది.

"ప్రభువు సైతాను నోరు మూయించాడు!" అని ఏలీయా సాక్ష్యం చెప్పాడు.

బజారులో జోగులు కనబడితే నవ్వుతూ అడిగాడు. "నీ స్పీకరుకేమైంది?"

"ఏటీ అవ్వలేదు పాస్టర్ గారూ. ఆదోరం పూట నానే బంద్ సేస్తన్నాను. మాయమ్మకి కళ్లు కనపడవు. మీ పాటలంటే పేణం. హాలు గుమ్మంలో కూకుని ఇంటాది."

"ప్రసంగం కూడా వింటుందా?"

జోగులు తల దించుకున్నాడు. "ఇంటాది. నన్ను తిట్టినప్పుడు మాత్రం లెగిసి లోపలికెలిపోతాది."

తర్వాతి ఆదివారం ముసలామె గుమ్మంలో కూర్చునే ఉంది. జోగుల్ని తిట్టే వేళకు ఏలీయా మైకులో ఇంకో పాట ఎత్తుకున్నాడు.