ఐసు మిల్లు పక్క స్టూలు

“నిన్నే! వినపడటం లేదా?” ఫెలిసా గొంతు చించుకుంది.

స్తంభం దగ్గర నిలబడ్డ గడ్డం ముసలాడు ఉలకలేదు, పలకలేదు.

ఫెలిసా స్టూలు పక్కనే ఐసు మిల్లు దిమ్మల్ని పరపరా నలగ్గొడుతోంది. తెల్లారకముందే చేపల రేవంతా గోల.

నెల్నాళ్లుగా ఇదే వరస. వాడు కొనడు, అమ్మడు. ఎదురుగా నిలబడి ఆమె చెవి వంకే చూస్తాడు.

ఆ రేవులో వేలమంతా చెవిలోనే. కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి దళారి చెవిలో ధర ఊదిపోతారు. పెద్ద ధర ఎవరిదో దళారికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు.

ఆ చెవే దళారి ఫెలిసాని మోసం చేస్తోంది. లోపల కీచురాయి ఒకటి రాత్రింబవళ్లు అరుస్తోంది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా వింటుంది. రేవులో మాత్రం గుసగుసలు గోలలో కలిసిపోతున్నాయి.

“చుట్టూ గోల పెరిగితే చెవి తనంతట తానే బిగుసుకుని, గోలని తగ్గించి మాటని రానిస్తుంది. ఆ ఒడుపు నీ చెవికి పోయిందమ్మా,” అంది డాక్టరు, బిళ్లలు రాసిస్తూ.

సంగతి బయటపడితే స్టూలు ఊడినట్టే. ముగ్గురు పిల్లల తిండి దాని మీదే.

బిళ్లలు పనిచేశాయో ఏమో, నెల్నాళ్లుగా ఒక్క ధరా తప్పలేదు.

అంతా బాగుందనుకుంటే ఈ ముసలాడు! ఎవరైనా చెవిలో ఊదగానే వీడి వేళ్లు గుండెల మీద అంకెలు చూపిస్తున్నట్టు కదులుతాయి. ఫెలిసా ఓరకంట చూసింది. ఒళ్లు మండిపోయింది. తన చెవిలో పడ్డ ధరే వాడి వేళ్ల మీద!

“పెదాలు చదివి అవతలి దళారి నార్దోకి అందిస్తున్నాడు,” అంది ఐసు మిల్లు నడిపే బెర్తింగ్‌తో. “పైగా చెవిటి వేషం!”

“నిజంగానే చెవుడేమో, అక్కా.”

“ఉండు, తేలుస్తా.”

గేటు పక్క కాఫీ బడ్డీ దగ్గర చప్పుడు లేదు. ముసలాడి వెనక చేరి మెల్లిగా అంది. “కాఫీలో ఈగ పడింది, తాతా.”

“ఏదమ్మా?” గ్లాసులోకి తొంగి చూశాడు.

“దొరికావు! ఇక్కడ గుసగుస వినిపిస్తుంది, అక్కడ నా అరుపు వినిపించదా? ఎవర్ని బురిడీ కొట్టిద్దామని?”

“అది కాదమ్మా, నీ కోసమే...”

“నా కోసమా! నార్దో ఎంతిస్తున్నాడు నీకు?”

కాపలావాడు రెక్క పట్టుకుని గేటు అవతలికి నెట్టాడు.

“ఆ స్టూలు అక్కణ్ణుంచి జరుపుకో, తల్లీ,” అన్నాడు ముసలాడు పోతూ పోతూ.

“బెదిరిస్తున్నాడు కూడా!”

మర్నాడు మొదటి చేపల తొట్టి దిగింది. ఒకడొచ్చి చెవిలో ఊదాడు. కీచురాయి తప్ప ఏమీ లేదు. ఆమె కళ్లు వాటంతటవే స్తంభం వైపు వెళ్లాయి.

ఖాళీ.

రెండో మనిషి వచ్చాడు. మళ్లీ స్తంభం వైపే.

ఫెలిసాకి అప్పుడు తెలిసింది. నెల్నాళ్లుగా తను ధరలు విన్నది చెవితో కాదు.

ఏదో ఊహించి, పెద్ద ధర ఇతనిదేనంటూ ఒక పేరు చెప్పేసింది.

“నా ధర అంతకన్నా పెద్దది!” చేపల దుకాణం ఒరెంగ్ విరుచుకుపడింది. “నిన్న బడ్డీ దగ్గర ముసలాడితో ఈగ గురించి గుసగుసలాడావు, వాడి మాటా విన్నావు, ఇవాళ చెవుడొచ్చిందా? నాటకాలా? ఎవరు తినిపించారు నీకు?”

జనం మూగారు. ఫెలిసా బెర్తింగ్ వైపు తిరిగింది.

“ఆ ముసలాయన ఎక్కడుంటాడు, బెర్తింగ్?”

బెర్తింగ్ మిల్లు ఆపేశాడు.

“పొద్దున్నే పడవెక్కి వెళ్లిపోయాడు. నిన్న గేటు దగ్గర నెట్టేస్తుంటేగాని పోల్చుకోలేకపోయాను, అక్కా. నీకు ముందు ఈ స్టూలు మీద కూర్చున్నది ఆయనే, ధరలు తప్పు చెబుతున్నాడని, దొంగని, ఆ గేటులోంచే మేం తరిమేశాం.”