పాట ఆగిన చోట

"బావా, ఇదొక్కటి చూసేస్తే అయిపోయినట్టే," అన్నాడు భానుప్రసాద్.

పొద్దున్నుంచి ఆ మాట వినీ వినీ విజయభాస్కర్‌కు విసుగెత్తిపోయింది.

బావమరిది మెల్‌బోర్న్ వస్తున్నాడంటే సముద్రం చూస్తాడు, కంగారూలను చూస్తాడు అనుకున్నాడు. తెనాలిలో బాత్రూం టైల్స్ అమ్ముకునే యాభై ఏళ్ళ మనిషి, రాక్ బ్యాండ్లవాళ్ళు తిరిగిన చోట్లు చూస్తానన్నాడు. సాయంత్రం ఫ్లైటు పెట్టుకుని ఆ ముచ్చట ఇవాళే తీర్చుకుంటానన్నాడు.

ట్రుగనీనాలో ఇంటి నుంచి బయలుదేరి బొమ్మలేసిన గోడలున్న ఒక సందు చూశారు. మూతపడిన ఒక పబ్బు చూశారు. ఎవరో గిటారిస్టు సమాధి దగ్గర భాను చెప్పులు విప్పి నిలబడితే విజయభాస్కర్‌కు ఒళ్ళు మండింది. ఆఫీసుకు సెలవు పెట్టింది ఇందుకా? తమ్ముణ్ణి అడిగిన చోటికల్లా తిప్పమని భార్య లీల మరీ మరీ చెప్పబట్టి ఊరుకున్నాడు.

ఆఖరిది బ్రన్స్‌విక్‌లో ఒక పాత ఇల్లు. రెండు వాటాలు, మధ్య ఒకటే గోడ. ఎనభైల్లో నలుగురు కుర్రాళ్ళు కుడివైపు వాటాలో అద్దెకుండి, పడగ్గదిలోనే ఒక పాట రికార్డు చేశారు. ఆ ఒక్క పాటతో పేరొచ్చింది. తర్వాత తలో దారీ అయ్యారు.

పాట మధ్యలో వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయట. ఆ నిశ్శబ్దంలో ఏదో చప్పుడు వస్తుందట. అది దేంతో చేశారో, ఎవరు చేశారో ఆ నలుగురూ ఏనాడూ చెప్పలేదట.

కాలేజీలో డ్రమ్స్ వాయించిన భాను ఆ చప్పుడు కోసం డబ్బాల మీదా, బల్లల మీదా, చివరికి షాపులో వాష్‌బేసిన్ల మీదా కొట్టి చూశాడు. రాలేదు. అదేమిటో తేల్చుకోవాలనే ఇంత దూరం వచ్చాడు.

"ఒక్కసారి వినండి బావా. నాలుగు నిమిషాలే," అని కారెక్కిన దగ్గర్నుంచీ బతిమాలుతున్నాడు.

అతను పాట పెట్టినప్పుడల్లా విజయభాస్కర్ ఆపేశాడు. ఒకసారి తలనొప్పి అన్నాడు. ఒకసారి మ్యాప్ వినపడటం లేదన్నాడు.

కారు ఆగీ ఆగగానే భాను ఫోను పట్టుకుని ఇంటి వెనక సందులోకి పరిగెత్తాడు. విజయభాస్కర్ సీటు వాల్చుకుని కళ్ళు మూసుకున్నాడు.

బానెట్ అదిరింది. గబగబా రెండు దెబ్బలు, కాస్త ఆగి గట్టిగా ఒకటి.

ఉలిక్కిపడి లేస్తే ఎదురుగా చేతికర్రతో ఒక పెద్దావిడ. ఎడమవైపు వాటా ఆవిడది. ఇల్లు ఖాళీ చేస్తోంది. సామాను లారీ వాకిట్లోంచి బయటికి రావాలి, ఈ కారు అడ్డం.

కారు కొని నెల కాలేదు. నోటితో చెప్తే సరిపోయేది కదా అని విజయభాస్కర్ విసుక్కున్నాడు.

"నోటితో చెప్తే ఈ వీధిలో ఎవరు విన్నారు?" అంది ఆవిడ.

కారు పక్కకు తీసి, బానెట్ మీద సొట్ట పడిందేమోనని దిగి తడిమి చూసుకున్నాడు. మళ్ళీ ఎక్కి కూర్చునేసరికి భాను మొహం వేలాడేసుకుని వచ్చాడు. వెనక చెత్తబుట్టలు తప్ప ఏమీ లేవు. ఆవిణ్ణి చూడగానే దగ్గరికి వెళ్ళి, పక్క వాటాలో పాటలు పాడిన కుర్రాళ్ళు గుర్తున్నారా అని అడిగాడు.

"గుర్తులేకేం? ఏడాది పాటు నన్ను నిద్రపోనివ్వలేదు," అంది ఆవిడ. "నేను నర్సుని. నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకుంటే పగలంతా ఒకటే మోత. ఒకరోజు ఇంక భరించలేక..."

విజయభాస్కర్ హారన్ నొక్కాడు.

భాను ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు. విజయభాస్కర్ మళ్ళీ నొక్కాడు, ఈసారి చెయ్యి తియ్యలేదు.

"భానూ, ఫ్లైట్ మిస్సయితే మీ అక్క నన్ను బతకనివ్వదు. ఆవిడ సోది వినడానికా ఇంత దూరం వచ్చావు?"

లారీవాళ్ళు కూడా ఆవిణ్ణి రమ్మని కేకేశారు. భాను ఆవిడకు నమస్కారం పెట్టి, వెనక్కి తిరిగి చూసుకుంటూ కారెక్కాడు.

ఎయిర్‌పోర్టులో, శ్రమ ఇచ్చాను బావా అన్నాడు. పాట మీ ఫోనుకు పంపాను, కుదిరినప్పుడు వినండి అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మాటకు విజయభాస్కర్‌కు మొదటిసారి కాస్త సిగ్గేసింది.

రింగ్ రోడ్డెక్కాక పాట పెట్టాడు. గోల, గోల మీద గోల. ఆపేద్దామని చెయ్యి చాపేలోగా వాయిద్యాలు వాటంతటవే ఆగిపోయాయి.

గబగబా రెండు. కాస్త ఆగి, గట్టిగా ఒకటి.

విజయభాస్కర్ కాలు యాక్సిలరేటర్ మీంచి తీశాడు. ఆ ముక్క మళ్ళీ పెట్టి విన్నాడు. తర్వాతి మలుపులో రింగ్ రోడ్డు దిగి, వచ్చిన దారినే బ్రన్స్‌విక్ వెళ్ళాడు.

లారీ లేదు. తలుపుకు తాళం. ఎదురింటాయన్ని అడిగితే, ఆవిడ కూతురి దగ్గరికి క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి వెళ్ళిపోయింది, ఏ ఊరో తెలియదన్నాడు. భానుకు ఫోన్ చేస్తే స్విచాఫ్.

కర్టెన్లు తీసేసిన కిటికీలోంచి ఖాళీ పడగ్గది కనిపించింది. మంచం కాళ్ళ గుర్తులున్న చోట, కుర్రాళ్ళ వాటా వైపు గోడకు, దెబ్బలు తగిలి తగిలి పెచ్చులూడిన గుంట ఒకటి ఉంది.

ఆ నలుగురి పాటలో అయిదో మనిషి ఇన్నేళ్ళూ ఆ గోడ పక్కనే పడుకుంది.