పరోక్ష కథనం

“ఏయ్ మాటలపుట్టా! మిషన్ కూడా పట్టుకుపోతుందా అని మీ అమ్మను అడుగు,” అన్నాడు నాన్న, ముందుగదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

ఆ పిల్ల నోట మాట రావడమే గగనం. అందుకే ఆ పేరు పెట్టాడు. మర్నాడు తెలుగు వ్యాకరణం పరీక్ష ఉంది. చదువుతున్న పేజీలో వేలు పెట్టుకుని లోపలిగదికి వెళ్లింది. అమ్మ కుట్టుమిషన్ తొక్కుతోంది. పక్కన సర్దిన సంచీ.

“అమ్మా, మిషన్ కూడా తీసుకెళ్తావా అని నాన్న అడుగుతున్నాడు.”

“తీసుకెళ్లక? ఇక్కడుంచితే నెత్తిన పెట్టుకుని ఊరేగుతాడా? పొద్దున్నే బండి వస్తుందని చెప్పు.”

సంచీ ఒక్కటే అయితే, అమ్మ వాళ్లక్క ఇంట్లో నాలుగు రోజులుండి వచ్చేస్తుంది. మిషన్ గడప దాటితే మళ్లీ రాదు.

ఇంతా చేసి గొడవ ఒక్క మాట దగ్గర. ఆదివారం మేనత్త ఇంట్లో అందరి ముందూ నాన్న, “ఇంట్లో దర్జీ ఉండి ఏం లాభం? నా కాలర్ చూడండి, ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి!” అన్నాడు. అందరూ నవ్వారు, అమ్మ తప్ప. అప్పటి నుంచి ఆ ఇంట్లో ప్రత్యక్ష కథనం ఆగిపోయింది. ఏ మాటైనా ఈ పిల్ల నోటి మీదుగా వెళ్లాల్సిందే.

“పొద్దున్నే బండి వస్తుందట నాన్నా.”

గుండీ మీద అతని చెయ్యి ఆగింది. ముఖం గంటు పెట్టుకుని అన్నాడు. “రానీ. సరదాకి అన్న మాట పట్టుకుని ఇంత రాద్ధాంతమా? తప్పు తనదే. వెళ్లి చెప్పు, తప్పు తనదేనని.”

“అలాగే చెప్పనా?”

“అలాగే. ఒక్క అక్షరం కూడా మార్చకు.”

పిల్ల గుమ్మం దగ్గర నిలబడిపోయింది. చేతిలోని పుస్తకం తెరిచి అందులోని ఉదాహరణ చూసింది. “నేను వస్తాను” అని అన్నయ్య అన్నాడు. తను వస్తానని అన్నయ్య అన్నాడు. పరోక్షంలో ‘నేను’ కాస్తా ‘తను’ అవుతుంది. నాన్నేమో అమ్మనే ‘తను’ అంటాడు.

లోపల మిషన్ గడగడలాడుతోంది.

“ఏమంటాడు?” అంది అమ్మ, తల ఎత్తకుండానే.

“తప్పు... తప్పు తనదేనని చెప్పమన్నాడు.”

మిషన్ ఆగింది. “తనదంటే ఎవరిదే?”

పిల్ల పుస్తకం ముందుకు చాపింది. “ఇదిగో, సూత్రం ఉందమ్మా. పరోక్షంలో తను అంటే, ఆ మాట అన్నవాళ్లే.”

“మీ నాన్న అలా అన్నాడా?”

“ఒక్క అక్షరం కూడా మార్చలేదు.”

అది నిజమే. అయినా పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ ఆ చెవులను చూసింది, పుస్తకాన్ని చూసింది. సంచీని కాలితో మంచం కిందికి నెట్టింది.

“బండి వద్దని చెప్పి రమ్మను.”

ఆ కబురు వినగానే నాన్న, రెండో గుండీ మూడో కాజాలో పెట్టుకుని, చెప్పులేసుకుని వీధిలోకి పరుగెత్తాడు.

పిల్లకు గెలిచినట్టూ ఉంది, దొంగతనం చేసినట్టూ ఉంది. ఇక ఆగలేక లోపలికి వెళ్లి అమ్మ పక్కన కూలబడింది.

“అమ్మా, నాన్న తను అన్నది... నిజానికి...”

“చెప్పకు,” అంది అమ్మ సూదిలోకి దారం ఎక్కిస్తూ. “ఆయన నోరు విప్పినప్పుడల్లా నేను మిషన్ ఆపి వింటూనే ఉన్నాను కదే, పిచ్చిమొహమా!”