తాడు పట్టిన మనిషి

"లావుది ఇవ్వండి శేషగిరిరావుగారూ. బొమ్మలు బాగున్నాయి."

బందరులో శేషగిరిరావు పుస్తకాల షాపు. బల్ల మీద కొండలెక్కడం నేర్పే ఇంగ్లీషు పుస్తకాలు రెండున్నాయి. ఒకటి లావుది, ఒకటి సన్నది.

లావుది అడిగిన రాజబాబు గుడివాడలో డ్రిల్లు మాస్టారు. ఎవరెస్టు ఎక్కేశారని పేపర్లో చదివిన నాటి నుంచి అతనికి కొండల పిచ్చి పట్టుకుంది. గుడివాడ చుట్టూ వరిచేలే తప్ప రాయన్నది లేదన్న సంగతి ఆ పిచ్చికి అడ్డు రాలేదు.

వచ్చే ఆదివారం బెజవాడ కొండ మీద పరీక్ష. నెగ్గితే డార్జిలింగులో శిక్షణ. ఉన్నది ఒక్కటే సీటు. అది తనదేనని రాజబాబు నమ్మకం.

షాపులో ఓ మూల నిలబడి చదువుకుంటున్న బక్కపల్చటి మనిషి తలెత్తాడు.

"సన్నది తీసుకోండి మాస్టారూ. ఎక్కేవాడు జారితే ఆపేలా పైనుంచి తాడు పట్టడం గురించి వివరంగా రాశాడు."

"దానికి వేరే మనిషి ఉంటాడు లెండి. నాకు కావలసింది ఎక్కడం."

"పట్టేవాడికి చేతకాకపోతే ఎక్కేవాడు మిగలడు కదండీ."

"మీరెప్పుడైనా ఎక్కారా?"

"లేదండీ, మాది నాగాయలంక. ఈ రెండూ ఇక్కడ నిలబడే చదివేశాను."

రాజబాబుకి నవ్వొచ్చింది. పుస్తకం కొనకుండా చదివేసేవాడు కూడా సలహాలిచ్చేవాడే.

"చిన్నప్పటి నుంచి తాటిచెట్లెక్కి ముంజలు దింపినవాణ్ణండీ. రాయి నాకో లెక్కా?"

లావు పుస్తకం చంకన పెట్టుకుని దర్జాగా వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున కొండ దగ్గర రాజబాబు నడుముకి తాడు కట్టింది షాపులో కనిపించిన ఆ బక్కపల్చటి మనిషే.

"మీరేంటండీ ఇక్కడ? తాడు పనికి కుదిరారా?"

"ఇవ్వాళ్టికి తాడు నాదేనండీ."

ముడి గట్టిగా లాగి చూసి, తాడు రెండో కొస పట్టుకుని వెనకదారిన పైకి వెళ్ళాడు.

రాజబాబు ఎక్కడం మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ రాతిని తాటిచెట్టులా వాటేసుకున్నాడు. చెట్టయితే చేతులకు చుట్టూ పట్టు దొరుకుతుంది. ఇక్కడ దొరకలేదు. ఛాతీ రాతికి ఆనించేసరికి కాళ్ళు జారాయి.

చచ్చాననుకున్నాడు.

తాడు సర్రున జారి, బిగుసుకుని ఆగింది.

"కంగారు పడకండి, పట్టుకునే ఉన్నాను," పైనుంచి నిదానంగా వినిపించింది. "రాతిని వాటేసుకోవద్దు. ఒళ్ళు వెనక్కి ఉంచి కాళ్ళ మీద లేవండి."

లేచాడు. ఆ మాట పట్టుకునే చివరిదాకా ఎక్కేశాడు.

పైన ఆ మనిషి అరచేతులు రెండూ తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి. చూసి రాజబాబు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మీ రుణం తీర్చుకోలేనండీ."

"అంత మాటెందుకండీ. బాగా ఎక్కారు." రుమాలు చుట్టుకుంటూ దిగిపోయాడు.

రాజబాబు కిందికి వచ్చేసరికి పరీక్ష పెట్టిన ఆఫీసరు కాంతారావు చెయ్యి కలిపాడు.

"సీటు మీదే. పేరు కూడా రాసేశాను."

"అంతా ఆ తాడు పట్టినాయన చలవండీ. ఎక్కడున్నాడు?"

"బందరు బస్సెక్కేశాడు. ఆ చేతులతో ఇంక ఎక్కలేనన్నాడు."

"ఆయన ఎక్కడమేమిటండీ?"



"మా తాడు మనిషి ఇవ్వాళ రాలేదండీ, మీ పరీక్ష ఆగిపోకూడదని ఆ దేవసహాయం తనే తాడు పట్టుకుంటానన్నాడు గానీ, ఈ సీటుకి మీతో పోటీకొచ్చింది అతనొక్కడే."