చీలిన దూలం

అడవిలో అందరినీ కొండ దాటించే బళ్ళకు మరమ్మతులు చేసే షెడ్డు బాగా పాతబడింది. బండిని పైదూలానికి కట్టి లేపితే, ఆడముంగిస దాని కింద పడుకుని చక్రాలు బిగించేది. ఆ దూలం నిలువునా చీలింది. పెద్దలు తనిఖీకి వచ్చే ముందురోజు చీలిక మీద సున్నం కొట్టడం అక్కడి ఆనవాయితీ.

ఈసారి ముంగిస సున్నం కొట్టనివ్వలేదు.

నిధులు కేటాయించే ఏనుగుదొర గడప బయటే నిలబడి చూశాడు. "ఈ ఏడు బళ్ళకు రంగులేయిద్దాం, నలుగురికీ కనిపిస్తుంది. దూలం ఇంకో ఏడాది ఆగుతుందిలే అమ్మాయ్."

"అయితే లోపలికొచ్చి, దాని కింద నిలబడి ఆ మాట చెప్పండి దొరా."

ఏనుగుదొర ఒక కాలు లోపల పెట్టాడు. దూలం కిర్రుమంది. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నీకు అలవాటే కదా," అని గొణిగాడు.

"చావు ఎవరికీ అలవాటు కాదు," అంటూ ముంగిస పానా అతని ముందు పెట్టి, బయటికొచ్చి కూర్చుంది.

బళ్ళు కదల్లేదు. పిల్లలతో వచ్చిన జింకలు మొదట ముంగిసను తిట్టాయి. దూలాన్ని చూశాక దొర మీదికి తిరిగాయి.

మధ్యాహ్నానికి ఏనుగుదొర తానే కొత్త దుంగ మోసుకొచ్చాడు. ముంగిస దాన్ని ఆ కొస నుంచి ఈ కొసదాకా తట్టి చూసేవరకూ, బరువుతో అలాగే నిలబడ్డాడు.