గూట్లో బెల్లం

గూట్లో బెల్లం ముక్క లేదు. దాని కింద పరిచిన బాదం ఆకు మాత్రం మడిచిపెట్టి ఓ మూలన ఉంది.

నాగుల్ మీరా ఆ ఆకునే చూస్తూ నిలబడిపోయాడు. ఎలుక బెల్లం తింటుంది. ఆకునూ కొరుకుతుంది. మడిచి పెట్టదు.

సూళ్లూరుపేట స్టేషనుకు వెళ్లే వీధిలో అతని కుట్టు అంగడి. మొన్న ఒక పెళ్లికొడుకు కోటు చెయ్యి ఎలుకల పాలైంది. బోను పెడితే దాని చుట్టూ తిరిగి వెళ్లిపోయాయి. చివరికి ఎలుకల విషం, పాషాణం తెచ్చి, బెల్లంలో పిసికి, నిన్న అంగడి మూసేముందు కుట్టిన బట్టల వెనక గూట్లో పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు. వాటిని చంపే మాట వాటి చెవిన పడకూడదు. పడిందా, పగబట్టి బట్టల మీదికి వస్తాయి. ఇది దర్జీలకు ఎవరూ నేర్పనక్కర్లేని సంగతి. పాషాణం కొన్నప్పుడు కూడా మీరా వేలితో చూపించాడే గాని పేరెత్తలేదు. ఈ పొద్దున వచ్చాక కూడా, చూపు గూటి వైపు లాగుతున్నా తిప్పుకుని, మిషను మీద సాసరు మూసి ఉన్న టీని రుచైనా తెలియకుండా తాగి, దారాలు సర్ది, ఆ తర్వాతే ఏమీ ఎరగనట్టు బట్టలు పక్కకు జరిపాడు.

టీ కాచి పెట్టి వెళ్లింది బడేసాహెబ్, కాజాలు కుట్టే ముసలాయన. రెండో తాళంచెవి ఆయన దగ్గరుంటుంది. రోజూ మీరా తర్వాతే వస్తాడు. ఈవేళ మద్రాసు బండి ఎక్కే ఆసామికి కోటు అందించాలని ముందే వచ్చి తలుపు తీశాడు. అలా రమ్మని నిన్న పురమాయించింది మీరాయే. ఆ నోటితోనే ఇంకొక్క మాట అని ఉంటే సరిపోయేది.

బడేసాహెబ్‌కు తీపి అంటే ప్రాణం. నెల్లూరు డాక్టరు ముట్టొద్దన్నప్పటి నుంచి ఆ ప్రాణం ఇంకా కొట్టుకుంటోంది. ఇంట్లో బెల్లం కుండను భార్య కరీమున్నీసా పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది. అంగట్లో మొగుడి జేబులు తడిమే పని మీరాకు అప్పగించింది.

మీరాకు కడుపులో మంట మొదలైంది. అతనికి భయం ఎప్పుడూ ముందు కడుపులోనే తెలుస్తుంది, తలలోకి తర్వాత వస్తుంది. అంగడి అలాగే వదిలేసి స్టేషనుకు పరుగెత్తాడు. బండి వెళ్లిపోయింది. బొగ్గు పొగ ఇంకా విడలేదు. ప్లాట్‌ఫారం మీద ముసలాయన లేడు.

సోడా అంగడి చెంచురామయ్య కేకేశాడు.

“ఏంది సాయిబూ, ఆ ఉరుకుడు? నిన్ను అంగట్లోంచి ఎలకలు తోలేసినాయా?”

మీరా ఉలిక్కిపడ్డాడు. ఇక్కడి మాట అంగట్లోని ఎలుకల చెవిన పడేంత దగ్గర కాదు. అయినా ఆ మాట అందుకోకుండా వేరే మాటెత్తాడు.

“బడేసాహెబ్ మామూ ఇట్టొచ్చినాడా అన్నా?”

“వచ్చినాడు. గొంతెండిపోతుండాదని సోడా మీద సోడా తాగి పాయె.”

ఎటు వెళ్లాడో చెంచురామయ్య చూడలేదు. మీరా మసీదు దాకా వెళ్లాడు. అక్కడా లేడు. దాహంతో ఏ గోడ పక్కనో కూలబడ్డ ముసలాయన, చేతిలో సూది, పక్కన ఊడిన టోపీ కళ్లకు కట్టాయి. కరీమున్నీసాకు ఏమని చెప్పాలి? చెప్పబోయే ప్రతి మాటా ఎలుక దగ్గర మొదలై, అక్కడే ఆగిపోతోంది. మసీదు గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. తప్పు చేసిన మనిషిని శరీరమే ముందు పట్టిస్తుందేమో అనుకున్నాడు. కాళ్లీడ్చుకుంటూ అంగడి వైపు తిరిగాడు.

బడేసాహెబ్ తన చెక్క పలక మీద కూర్చుని, సూది బెజ్జాన్ని వెలుగుకు పట్టి దారం ఎక్కిస్తున్నాడు.

“మామూ,” అన్నాడు మీరా. “గూట్లో బెల్లం...”

“చూసినాలే. నాకు కనపడకుండా దాచినావని నవ్వుకున్నా.”

“తినేసినావా?”

ముసలాయన సూది దించాడు. “అల్లా తోడు, నాలిక్కి తగలనీలేదు. నిన్ననే కరీమున్నీసా తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసినా. ముసిల్ది ఏడ్చింది మీరా. ఇంక ఈ జన్మకు ముట్టను.”

మీరా గడప మీదే కూలబడ్డాడు. నవ్వొచ్చింది, ఆ వెనకే కన్నీళ్లొచ్చాయి. బతికున్న ఆ ముసలి వేళ్లనూ, వాటి మధ్య మెరుస్తున్న సూదినీ చూస్తూ ఉండిపోయాడు. కడుపులో మంట మాత్రం తగ్గలేదు. భయం పోయిన సంగతి దానికింకా తెలిసినట్టు లేదు. పొట్టను రెండు చేతులా అదుముకున్నాడు. అంతలో, ఆ ముక్క వీధిలో ఏ పసివాడి చేతిలోనో పడిందేమోనన్న ఆలోచన వచ్చింది.

“మరి ఏం చేసినావు మామూ? పారేసినావా?”

“బెల్లం పారేస్తారా ఎవురన్నా?” బడేసాహెబ్ ఆకు మడిచినంత పొందికగా దారం కొస ముడి వేశాడు. “కళ్ల ముందరుంటే నా నాలిక ఒట్టు నిలవనిస్తుందా? అందుకే మొత్తం తీసి నీ టీలో కలిపేసినా.”