ముందు వరుసలో అత్తగారు

ఆదిలక్ష్మి వచ్చేసింది. నేత చీర మీద మందపాటి చలికోటు, చేతిలో స్టీలు టిఫిన్ క్యారియర్. నేరుగా వెళ్ళి రింగుకు ఎదురుగా, ముందు వరుసలో కూర్చుంది.

జర్మనీలో ఇంగోల్‌స్టాట్ శివార్లలోని ఆ పాత గోదాములో అప్పటికే కుర్చీలన్నీ నిండిపోయాయి. తలుపు దగ్గర టికెట్లు చింపుతున్న శ్రీచరణ్ తల్లిని చూసి తల దించుకున్నాడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య పడ్డ మగాడు అంతకన్నా ఏం చేస్తాడు?

తెర వెనక గిరిజ మోచేతులకు పట్టీలు చుట్టుకుంటోంది. కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం వదిలేసి ఆరేళ్ళుగా కుస్తీలు ఆడుతోంది, ఆడిస్తోంది. మామూలు కుస్తీలు కావు. కుర్చీలతో కొట్టుకోవడం, ట్యూబ్‌లైట్లు వీపు మీద పగలడం, గుండుపిన్నుల మీద పడటం. ఆడదానికి ఇదేం పోయేకాలం అన్నవాళ్ళందరికీ ఆమె ఒకే సమాధానం చెప్పింది. మరుసటి ఆదివారం మళ్ళీ ఆడింది.

అందరి నోళ్ళూ ఒక ఎత్తు, అత్తగారి నోరు ఒక ఎత్తు. ఏడాదిగా ప్రతి ఆటకూ వచ్చి కోడల్ని తిట్టిపోస్తోంది. తెలుగు ముక్క రాని జర్మన్లు కూడా ఆవిడతో కలిసి “సిగ్గు లేదా” అని అరవడం నేర్చుకున్నారు. పోయిన నెల ఆవిడ అందరి ముందూ పందెం వేసింది. ఈసారి ఓడిపోతే కోడలు ఈ ఆటకు దండం పెట్టి ఇంట్లో కూర్చోవాలి. గిరిజ సరేనంది. ఆ వీడియో తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది.

కొత్తగా చేరిన రిఫరీ సుందర్‌రాజ్ కంగారుగా లోపలికి వచ్చాడు. “మేడమ్, ఆవిణ్ణి బయటికి పంపేయమంటారా?”

“టికెట్ కొన్నది తమ్ముడూ. కూసోనియ్.”

“ఓడిపోతే నిజంగా మానేస్తారా అండీ?”

“ఓడినంక అడుగు” అంది గిరిజ.

ప్రత్యర్థి ఈవా. కాకినాడ అమ్మాయి, ఆరడుగుల మనిషి, ఒకప్పుడు బరువులెత్తేది. గంట మోగీ మోగకముందే గిరిజ వీపు మీద ట్యూబ్‌లైటు పగిలింది. నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మంచిగైంది” అని అరిచింది ఆదిలక్ష్మి. “ఇంటి కోడలివి, గీ ఏషాలేంది? సిగ్గు లేదా?”

“సిగ్గు లేదా” అంది హాలంతా.

“లేదు” అంది గిరిజ, పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ.

పది నిమిషాలు చావగొట్టింది ఈవా. చివరికి ఎత్తి గుండుపిన్నుల మీద పడేసింది. సుందర్‌రాజ్ లెక్క మొదలుపెట్టాడు; మూడు అనేలోగా భుజం లేవకపోతే ఓడినట్టే. ఒకటి. రెండు. గిరిజ భుజం లేచింది. మళ్ళీ ఒకటి. రెండు. మళ్ళీ లేచింది.

అప్పుడు ఆదిలక్ష్మి కుర్చీలోంచి లేచి రింగు మెట్లెక్కసాగింది. మోకాళ్ళ నొప్పుల మనిషి. ఆవిడ ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే గిరిజ గుండె దడదడలాడింది.

“ఇగ చాలు. ఇంటికి నడువు” అంది ఆదిలక్ష్మి.

“రాను అత్తమ్మా” అంది గిరిజ, కింద పడి ఉన్నచోటి నుంచే. “సచ్చినా రాను.”

ఈవా ఇనప కుర్చీ ఎత్తింది. సూటిగా గిరిజ తల మీదికి.

ఠంగుమంది. అయితే మోగింది కుర్చీ కాదు, ఈవా నుదుటి మీద అత్తగారి టిఫిన్ క్యారియర్. ఈవా వెల్లకిలా పడింది. ఈ ఆటలో ఎవరు దేనితో కొట్టినా తప్పు లేదు. గిరిజ పాక్కుంటూ వెళ్ళి ఆమె మీద పడింది. ఒకటి, రెండు, మూడు.

హాలు హాలంతా లేచి నిలబడింది. అత్త కోడల్ని కావలించుకుంది. ఎంత తిట్టినా సొంత మనిషి కదా అని తెలుగు ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. వచ్చే నెల లైప్‌జిగ్‌లో ఆట అని గిరిజ మైకులో చెప్పింది.

తెర వెనక్కి రాగానే ఆదిలక్ష్మి కోడల్ని వదిలేసి నేరుగా ఈవా దగ్గరికి వెళ్ళి, ఆమె నుదుటి మీది బొప్పికి ఐసు ఆనిస్తూ, “రిహార్సల్ల ఖాళీ క్యారియర్ ఉండె బిడ్డా, ఇయ్యాల మీకని పులిహోర పెట్టుకొచ్చిన సంగతి యాది మర్చిన” అంది.